ఫుల్ మారథాన్ టైమ్ తగ్గించుకోవడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకటో రెండో ఫుల్ మారథాన్లు (42.195 కిలోమీటర్లు) పూర్తిచేసి, ఈసారి టైమ్ తగ్గించాలని పట్టుదలగా ఉన్నవాళ్ల కోసం ఈ పేజీ. ఆఫీసు, ఇల్లు, పిల్లల చదువులు చూసుకుంటూ తెల్లవారకముందే షూస్ వేసుకుని బయటపడేవాళ్లు మా గ్రూపులో ప్రతి సీజన్‌లోనూ అడిగే సందేహాలే ఇవన్నీ. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## ప్లాన్ వేసుకునే ముందు

పోయినసారి 4 గంటల 40 నిమిషాలు పట్టింది. ఈసారి 4 గంటల్లోపు కొట్టగలనా?

మీరు ఈమధ్య పరుగెత్తిన హాఫ్ మారథాన్ టైమ్ చూస్తే జవాబు దొరుకుతుంది. రేసు టైమ్‌లు అంచనా వేయడానికి పీట్ రీగెల్ అనే ఇంజనీర్ వేసిన లెక్క ప్రకారం దూరం రెట్టింపైతే టైమ్ సుమారు 2.085 రెట్లు అవుతుంది. హాఫ్ 1:55లో చేసేవాళ్లకు ఫుల్ 4 గంటలకు కొద్ది సెకన్లు లోపు వస్తుంది. హాఫ్ 2:10 అయితే ఫుల్ 4:31. అది కూడా వారం వారం తగినన్ని కిలోమీటర్లు పరుగెత్తేవాళ్లకే. ప్రాక్టీస్ పలచగా ఉంటే ఇంకో పది, పదిహేను నిమిషాలు కలుపుకోండి. ఒక్క సీజన్‌లో 40 నిమిషాలు తగ్గించడం చాలామందికి కుదరదు. ముందు 4:25కి గురిపెట్టి, ఆ తర్వాతి సీజన్‌లో 4 గంటల సంగతి చూడండి.

ఏ రేసు ఎంచుకోవాలి? హైదరాబాదా, ముంబయా?

టైమే లక్ష్యమైతే నా ఓటు ముంబయికి. హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో జరుగుతుంది. నెక్లెస్ రోడ్ నుంచి గచ్చిబౌలి దాకా ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు, వానాకాలం ఉక్కపోత. పైగా ఆ రేసుకు ప్రాక్టీస్ మొదలుపెట్టాల్సింది ఏప్రిల్, మే ఎండల్లో. ముంబయి మారథాన్ జనవరి మూడో ఆదివారం. అక్కడా తేమ ఉంటుంది, పెద్దర్ రోడ్ ఎత్తు ఉంటుంది. కానీ ముఖ్యమైన లాంగ్ రన్స్ (వారానికోసారి చేసే దూరపు పరుగులు) అన్నీ నవంబర్, డిసెంబర్ చలిలో పడతాయి. ఆ తేడా కాళ్లకు బాగా తెలుస్తుంది. హైదరాబాద్ రేసు మన ఊరి పండుగ, తప్పకుండా పరుగెత్తండి. ఆ రోజు టైమ్ గురించి మాత్రం టెన్షన్ పడకండి.

ఎన్ని నెలల ముందు మొదలుపెట్టాలి? వారానికి ఎన్ని కిలోమీటర్లు?

అసలు ప్లాన్ 16 నుంచి 18 వారాలు. దానికి ముందు కనీసం రెండు నెలలు వారానికి 30 కిలోమీటర్లు ఇబ్బంది లేకుండా పరుగెత్తుతూ ఉండాలి. 4:30 లక్ష్యమైతే ప్లాన్ నడిమధ్యకి వచ్చేసరికి వారానికి 45–55, 4 గంటల లక్ష్యమైతే 55–70 కిలోమీటర్లు చేరాలి. వరసగా మూడు వారాలు కొద్దికొద్దిగా పెంచి, నాలుగో వారం పావు వంతు తగ్గించండి. ఒంట్లో బలం పుంజుకునేది ఆ తగ్గించిన వారంలోనే.

నాకు 47 ఏళ్లు. ఇప్పుడు స్పీడ్ కోసం ప్రయత్నించడం ప్రమాదమా?

ముందు ఒకసారి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, ఈసీజీ చేయించుకోండి. నాన్నగారికో అన్నదమ్ములకో చిన్న వయసులో గుండెజబ్బు వచ్చి ఉంటే ట్రెడ్‌మిల్ టెస్ట్ గురించి డాక్టర్‌ని అడగండి. పరుగులో ఛాతీ బరువెక్కినా, కళ్లు తిరిగినా ఆ క్షణమే ఆగిపోవాలి. అన్నీ బాగుంటే వయసు అడ్డంకి కాదు. కష్టమైన పరుగు తర్వాత ఒక రోజుకి బదులు రెండు రోజులు తేలిగ్గా ఉంచుకుంటే చాలు.

## రోజువారీ పరుగు

రోజూ గట్టిగా పరుగెత్తితేనే కదా స్పీడ్ వచ్చేది?

కాదు. ఏళ్ల తరబడి ఒకే టైమ్ దగ్గర ఆగిపోయిన వాళ్లలో నాకు కనిపించే మొదటి కారణం ఇదే. వారంలో ఐదు రోజులు పరుగెత్తితే ఐదు రోజులూ ఒకే పేస్ (కిలోమీటరుకు పట్టే టైమ్). తేలిక పరుగు అనడానికి ఎక్కువ, గట్టి పరుగు అనడానికి తక్కువ. రోజూ ఒళ్లు అలసిపోతుంది. తీరా గట్టిగా పరుగెత్తాల్సిన రోజున కాళ్లు లేవవు.

మారథాన్ దాదాపు పూర్తిగా ఆక్సిజన్ మీద ఆధారపడే పరుగు. గుండె ఒక్కో స్పందనకు పంపే రక్తం పెరగాలి. కండరాల్లో సన్నటి రక్తనాళాలు, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరగాలి. ఒళ్లు కొవ్వును బాగా ఖర్చుపెట్టడం నేర్చుకోవాలి. ఇవన్నీ నెలల తరబడి తేలిక పరుగుతో వస్తాయి. ఆ పరుగు తేలిగ్గా ఉంటేనే ఎక్కువ కిలోమీటర్లు దెబ్బలు తగలకుండా పరుగెత్తగలం. నార్వేలో పనిచేసే పరిశోధకుడు స్టీఫెన్ సైలర్ పెద్దస్థాయి క్రీడాకారుల శిక్షణను పరిశీలించి, వాళ్ల సెషన్లలో సుమారు 80 శాతం తేలికపాటివేనని చూపించారు. కెన్యా మారథాన్ దిగ్గజం ఎలియుడ్ కిప్చోగే 2022 బెర్లిన్ మారథాన్‌ను 2:01:09లో పూర్తిచేశారు. అంటే కిలోమీటరు 2:52. ఈజీ రోజుల్లో ఆయన కూడా కిలోమీటరుకు నిమిషానికి పైగా నెమ్మదిగా పరుగెత్తుతారు. మనం మాత్రం రేసు పేస్ కంటే పది సెకన్లు నెమ్మదిగా పరుగెత్తి దాన్ని ఈజీ అనుకుంటున్నాం.

దయచేసి ఒక్క ఎనిమిది వారాలు ఈజీ రోజుల్ని నిజంగా ఈజీగా ఉంచి చూడండి. ఈ పేజీలో ఇంకేదీ పాటించకపోయినా ఇదొక్కటి పాటించండి.

ఈజీ అంటే ఎంత ఈజీ? 7:30 పేస్ అని స్ట్రావాలో (పరుగులు నమోదు చేసి నలుగురికీ చూపించే యాప్) పెట్టాలంటే ఇబ్బందిగా ఉంది.

పరుగెత్తుతూ ఇంటికి ఫోన్ చేస్తే, మీరు పరుగులో ఉన్నారని అవతలివాళ్లకు అనుమానం రాకూడదు. అదీ ఈజీ. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే పేస్ ఎక్కువైనట్టే. లక్ష్యం 4:30 అయితే రేసు పేస్ కిలోమీటరుకు 6:24. ఈజీ 7:00 నుంచి 7:45 దాకా ఎంతైనా ఉండొచ్చు. ఎండ, ఫ్లైఓవర్, ముందురోజు నిద్రలేమి, వీటిలో ఏదున్నా వేగం ఇంకా తగ్గుతుంది. తగ్గనివ్వండి. గ్రూపులో పక్కవాళ్లు ముందుకు వెళ్లిపోతుంటే వెళ్లనివ్వండి. స్ట్రావాలో పేస్ కనిపించకుండా దాచుకునే వీలుంది, అది వాడుకోండి.

వారం మొత్తం ఎలా సర్దుకోవాలి?

ఉద్యోగస్తులకు బాగా నప్పేది ఇది. సోమవారం పూర్తి విశ్రాంతి. మంగళవారం టెంపో లేదా ఇంటర్వల్స్. బుధవారం 8 కిలోమీటర్లు ఈజీ. గురువారం మళ్లీ 8–10 ఈజీ, చివర్లో 20 సెకన్ల చొప్పున ఆరు స్ట్రైడ్స్ (చిన్న చిన్న వేగపు పరుగులు). శుక్రవారం పరుగు లేదు, అరగంట కండరాల వ్యాయామం. శనివారం 5–6 కిలోమీటర్లు మరీ తేలిగ్గా. ఆదివారం లాంగ్ రన్. నైట్ షిఫ్ట్‌వాళ్లు రోజులు మార్చుకోవచ్చు. రెండు కష్టమైన పరుగుల మధ్య కనీసం ఒక ఈజీ రోజో సెలవో ఉండేలా చూసుకుంటే సరిపోతుంది.

టెంపోకి, ఇంటర్వల్స్‌కి తేడా ఏమిటి? రెండూ చేయాలా?

టెంపో అంటే రేసులో గంటసేపు నిలబెట్టుకోగల పేస్. మూడు నాలుగు మాటలు అనగలరు, పూర్తి వాక్యం చెప్పలేరు. 20 నిమిషాలతో మొదలుపెట్టి, తర్వాత మధ్యలో మూడు నిమిషాల జాగింగ్‌తో 15 నిమిషాలు రెండుసార్లు, ఆపైన 35–40 నిమిషాల దాకా వెళ్లండి. ఇంటర్వల్స్ అంతకంటే వేగం. 800 మీటర్లు ఆరుసార్లో, కిలోమీటరు ఐదుసార్లో మీ 5 కిలోమీటర్ల రేసు పేస్‌లో, మధ్యలో రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా జాగింగ్. ప్లాన్ మొదటి ఆరు వారాలు ఇంటర్వల్స్, ఆ తర్వాత టెంపో చేయండి. వారానికి ఒక్కటే కుదిరితే టెంపోనే ఎంచుకోండి, మారథాన్‌కి ఎక్కువ పనికొచ్చేది అదే. చివరి రౌండ్ మొదటి రౌండ్ కంటే నెమ్మదైతే మొదట్లో ఎక్కువ తొందరపడ్డారని అర్థం.

లాంగ్ రన్‌లో 38, 40 కిలోమీటర్లు పరుగెత్తి చూసుకోవాలా?

వద్దు. 30–32 కిలోమీటర్లు, లేదా మూడున్నర గంటలు, ఏది ముందైతే అక్కడ ఆపేయండి. అంతకుమించి వెళితే లాభం కొంచెమే, కోలుకోవడానికి మాత్రం వారమంతా పడుతుంది. మొత్తం ప్లాన్‌లో 28–32 మధ్య మూడు నాలుగు లాంగ్ రన్స్ చాలు. టైమ్ తగ్గించేది ఇంకొకటి ఉంది. వారం విడిచి వారం లాంగ్ రన్ చివరి భాగం రేసు పేస్‌లో పరుగెత్తండి. మొదటిసారి 22లో చివరి 5, తర్వాత 26లో చివరి 8, ఆఖరున 30లో చివరి 12. అలసిన కాళ్లతో 6:24 ఎలా ఉంటుందో రేసు రోజు కంటే ముందే తెలిసిపోతుంది.

మే నెలలో విజయవాడలో తెల్లవారుజామునే చెమటలు కారిపోతున్నాయి. పేస్ ఎలా నిలబెట్టుకోవాలి?

నిలబెట్టుకోవద్దు. గాలిలో తేమ ఎక్కువుంటే చెమట ఆరదు. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఒళ్లు చల్లబరచడానికి గుండె చర్మానికి రక్తం పంపుతుంది, ఆ మేరకు కాళ్లకు తగ్గుతుంది. అందుకే కిలోమీటరుకు 20 నుంచి 40 సెకన్లు నెమ్మదించినా అది అదే కష్టం కింద లెక్క. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. పక్కన పరుగెత్తేవాళ్లు తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా అది వడదెబ్బ. నీడలోకి తీసుకెళ్లి ఒంటినిండా చల్లటి నీళ్లు పోస్తూ అంబులెన్స్‌కి 108 చేయండి.

తెల్లవారుజామున కుక్కలు వెంటపడుతున్నాయి. ఏం చేయాలి?

వెంటనే పరుగు ఆపి నడవండి. పరుగెత్తే కొద్దీ తరుముతాయి. కళ్లలోకి చూడకుండా, వీపు పూర్తిగా తిప్పకుండా పక్కకు జరగండి. రాయి తీస్తున్నట్టు వంగితే చాలావరకు వెనక్కి తగ్గుతాయి. కరిచినా, పంటి గీత పడినా సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టించుకోవాలి. గాయం చిన్నదే కదా అని వదిలేయొద్దు, రేబిస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. చీకట్లో పరుగెత్తేటప్పుడు మెరిసే జాకెట్ వేసుకుని, ఎదురొచ్చే వాహనాలు కనిపించేలా రోడ్డుకు కుడివైపు పరుగెత్తండి. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ వద్దు.

అక్క పెళ్లని పది రోజులు పరుగెత్తలేదు. మిస్సయినవన్నీ ఎలా పూడ్చాలి?

పూడ్చకూడదు. పది రోజుల్లో పోయే ఫిట్‌నెస్ కొంచెమే. తొందరపడి రెట్టింపు పరుగెత్తితే కాలు పట్టేసి నెలరోజులు పోతుంది. మూడు నాలుగు రోజులు ఈజీగా పరుగెత్తి, ప్లాన్‌లో ఈ వారం ఏముందో అక్కడ కలవండి. జ్వరం వల్ల ఆగినవాళ్లు మందులు మానేశాక కూడా రెండు మూడు రోజులు ఆగండి. డెంగీ అయితే డాక్టర్ సరేననే దాకా పరుగు ఊసే వద్దు.

జిమ్‌కి వెళ్లే టైమ్ లేదు. తప్పనిసరా?

జిమ్ తప్పనిసరి కాదు, వ్యాయామం తప్పనిసరి. ఇంట్లోనే వారానికి రెండుసార్లు అరగంట చొప్పున స్క్వాట్స్, లంజెస్, ప్లాంక్, మెట్టు అంచున ఒంటికాలి మీద మడమ ఎత్తి దించడం. పిక్క బలంగా ఉంటే రేసులో 30వ కిలోమీటరు దాటాక కూడా అడుగు చెదరదు.

## తిండి, నీళ్లు

పొద్దున్నే ఖాళీ కడుపుతో పరుగెత్తొచ్చా?

గంటలోపు ఈజీ అయితే పరుగెత్తొచ్చు. టెంపో, ఇంటర్వల్స్, లాంగ్ రన్ అయితే ముందు ఒక అరటిపండో, రెండు మూడు ఖర్జూరాలో, తేనె రాసిన బ్రెడ్డో తినండి. ముందురోజు రాత్రి భోజనంలో ఆవకాయ, నూనె వేపుళ్లు తగ్గించండి. పెరుగన్నం, పప్పన్నం చాలామందికి బాగా పడతాయి.

మేం మాంసం, గుడ్డు తినం. ప్రొటీన్ సరిపోతుందా?

కొంచెం శ్రద్ధ పెడితే సరిపోతుంది. ఈ స్థాయి ప్రాక్టీస్‌లో కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.6 గ్రాములు కావాలి. 65 కిలోల మనిషికి 80–100 గ్రాములన్నమాట. మన భోజనంలో అన్నం కొండంత, పప్పు గరిటెడు. ఆ కొలత మారాలి. గట్టి పప్పు, పెసరట్టు, సెనగలు, పెరుగు, పనీర్, సోయా, వేరుసెనగలు రోజంతా సర్దుకోండి. ఇవన్నీ తిన్నా తక్కువైతే పాలల్లో ప్రొటీన్ పౌడర్ కలుపుకోవడంలో తప్పు లేదు.

ఎంత నెమ్మదిగా పరుగెత్తినా ఆయాసం, నీరసం. నేను మహిళని. ప్రాక్టీస్ చాలట్లేదా?

ముందు రక్తపరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వల్ని చెప్పే పరీక్ష) కూడా చూడమనండి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ మామూలుగానే ఉన్నా ఐరన్ నిల్వలు అడుగంటి ఉండొచ్చు. ఐరన్ మాత్రలు డాక్టర్‌ని అడిగి వేసుకోండి. వాటికి దగ్గర్లో టీ, కాఫీ తాగొద్దు. నెలసరి ఆగిపోయినా, తరచూ తప్పుతున్నా చేసే పరుగుకు తిండి చాలట్లేదని అనుమానించాలి. అది ఎముకల్ని కూడా దెబ్బతీస్తుంది. ఇంతకాలం "ఇంకొంచెం గట్టిగా ప్రయత్నించు" అని మాత్రమే విన్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు. లోపం పట్టుదలలో కాదు.

నీళ్లు ఎంత తాగాలి? ఎంత ఎక్కువైతే అంత మంచిదా?

కాదు, ఎక్కువైనా ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం తగ్గిపోయినట్టు తేలింది. దానికి ముఖ్య కారణం పరుగులో అతిగా తాగడం. మీ లెక్క మీరే తెలుసుకోవచ్చు. లాంగ్ రన్‌కి ముందు, తర్వాత బరువు చూసుకోండి. కిలో తగ్గితే సుమారు లీటరు చెమట పోయినట్టు. ఒకటి, ఒకటిన్నర కిలోలు తగ్గడం మామూలే. బరువు పెరిగితే మాత్రం తాగింది ఎక్కువైంది. దాహం వేసినప్పుడు కొద్దికొద్దిగా తాగండి. ఉక్కపోత రోజుల్లో ఓఆర్‌ఎస్ కలుపుకోండి.

ఎనర్జీ జెల్స్ (పరుగులో మింగే చక్కెర పాకం లాంటి ప్యాకెట్లు) ఖరీదు ఎక్కువ. బెల్లం, ఖర్జూరం సరిపోవా?

లాంగ్ రన్స్‌లో బాగానే సరిపోతాయి. గంటకు 30–60 గ్రాముల కార్బోహైడ్రేట్ కావాలి. ఒక జెల్‌లో 20–25 గ్రాములు ఉంటాయి, ఒక మాదిరి అరటిపండులోనూ అంతే. ఉప్పు అద్దిన ఉడకబెట్టిన బంగాళాదుంప ముక్కలు, బెల్లం ముక్క కూడా పనిచేస్తాయి. పల్లీ పట్టి వద్దు, నమలాలంటే ఊపిరి ఆడదు. రేసు రోజున మాత్రం జెల్స్ నయం, మింగడం సులువు. చెమట చేతులతో ప్యాకెట్ చిరగదు, అందుకే ముందురోజే మూలన కత్తెరతో చిన్న గాటు పెట్టుకోండి. ఏది వాడినా లాంగ్ రన్స్‌లో కడుపుకు పడుతుందో లేదో చూసుకున్నాకే రేసుకు తీసుకెళ్లండి.

కార్తీక సోమవారం ఉపవాసం, రంజాన్ రోజా ఉన్నప్పుడు ప్రాక్టీస్ ఎలా?

సోమవారం సెలవు రోజుగా పెట్టుకుంటే కార్తీక మాసానికి ఇబ్బందే లేదు. రంజాన్ నెలలో కష్టమైన పరుగులు మానేసి, ఇఫ్తార్ అయిన రెండు మూడు గంటల తర్వాత ఈజీగా పరుగెత్తండి. రాత్రి, సహర్ వేళ నీళ్లు తాగడం మరవొద్దు. ఆ నెలలో ఉన్న ఫిట్‌నెస్ నిలబెట్టుకుంటే అదే గొప్ప.

## నొప్పులు, షూస్

నొప్పి ఉన్నా పరుగెత్తొచ్చా?

రెండు కాళ్లూ సమానంగా పట్టేసినట్టుండి, పరుగు మొదలైన పది నిమిషాలకు వదిలేస్తే భయం లేదు. ఒకే కాలికి వచ్చి, పరుగెత్తే కొద్దీ పెరిగి, నడక మార్చేలా చేస్తే ఆపేయాలి. ఎముక మీద వేలితో నొక్కితే ఒకే చోట సూది గుచ్చినట్టుంటే అది స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎముకలో సన్నటి పగులు) కావొచ్చు. ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించే దాకా ఒక్క కిలోమీటరు కూడా వద్దు. నొప్పి మాత్ర వేసుకుని లాంగ్ రన్‌కి వెళ్లడం చాలా చెడ్డ అలవాటు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలను దెబ్బతీస్తాయి.

కార్బన్ ప్లేట్ షూస్ (అడుగున గట్టి కార్బన్ పలక ఉండే రేసు షూస్) కొంటే టైమ్ తగ్గుతుందా?

కొంత తగ్గొచ్చు. 2017లో నైకీ వేపర్‌ఫ్లై వచ్చినప్పుడు ప్రయోగశాలలో మేటి రన్నర్లకు శక్తి ఖర్చు సగటున 4 శాతం తగ్గింది. మన పేస్‌లో లాభం మనిషి మనిషికీ మారుతుంది. పాతిక వేల దాకా పెట్టి అవి కొనేముందు, రోజువారీ షూస్ 600–700 కిలోమీటర్లు దాటాయేమో చూడండి. ముందు అవి మార్చండి. కొన్నాక కనీసం రెండు లాంగ్ రన్స్‌లో వాడి చూడండి, కొందరికి పిక్కలు పట్టేస్తాయి.

## ఆఖరి మూడు వారాలు

టేపర్‌లో (రేసుకు ముందు పరుగు తగ్గించే వారాల్లో) కాళ్లు బరువుగా ఉన్నాయి, ఫిట్‌నెస్ పోతోందని భయం. ఇంకో లాంగ్ రన్ చేయనా?

చేయొద్దు. రేసుకు మూడు వారాల ముందు ఆఖరి లాంగ్ రన్ అయిపోవాలి. ఆ తర్వాత కిలోమీటర్లను ముందు పావు వంతు, తర్వాత సగం దాకా తగ్గించండి. పేస్‌ను మాత్రం మరీ తగ్గించొద్దు. వారానికి ఒకసారి రేసు పేస్‌లో నాలుగైదు కిలోమీటర్లు పరుగెత్తితే కాళ్లకు గుర్తుంటుంది. బరువు, చిరాకు, కొత్త కొత్త నొప్పులు అందరికీ ఉంటాయి.

రేసుకు ముందు ఏం తినాలి?

ఆఖరి రెండు రోజులు కిలో బరువుకు 8–10 గ్రాముల కార్బోహైడ్రేట్. కప్పు అన్నంలో సుమారు 45 గ్రాములు ఉంటాయి కాబట్టి ఒక్క పూట ఎక్కువ తింటే సరిపోదు, రెండు రోజులూ విడతలు విడతలుగా తినాలి. అన్నం, ఇడ్లీ, బంగాళాదుంప, అరటిపండు, పళ్లరసం తీసుకోండి. పీచు, పచ్చికూరలు, నెయ్యి తగ్గించండి. కిలోన్నర బరువు పెరిగితే కంగారు వద్దు, గ్లైకోజెన్ (ఒంట్లో నిల్వ ఉండే కార్బోహైడ్రేట్) నీటిని పట్టి ఉంచుతుంది. రేసు పొద్దున మూడు గంటల ముందు ఇడ్లీయో బ్రెడ్డో. కొత్తగా ఏదీ వద్దు.

## రేసు రోజు

మొదట్లో కాళ్లు తేలిగ్గా ఉంటాయి కదా, అప్పుడే కొంత టైమ్ మిగుల్చుకోవచ్చా?

ఈ ఆశే 30వ కిలోమీటరు దగ్గర దెబ్బకొడుతుంది. కిలో బరువుకు కిలోమీటరుకు సుమారు ఒక క్యాలరీ ఖర్చవుతుంది. 70 కిలోల మనిషికి మొత్తం దాదాపు 2,950. ఒంట్లో గ్లైకోజెన్‌గా ఉండేది సుమారు 2,000. మిగతాది కొవ్వు నుంచి, దారిలో తినేదాని నుంచి రావాలి. పేస్ పెంచే కొద్దీ ఒళ్లు కొవ్వు వదిలి గ్లైకోజెన్ వైపు పోతుంది, అది తొందరగా అయిపోతుంది. మొదట మిగిల్చిన రెండు నిమిషాలకు చివర్లో పదిహేను నిమిషాలు పోతాయి.

4:30 లక్ష్యమైతే ప్రతి 5 కిలోమీటర్లకు 32 నిమిషాలు. 10 దగ్గర 1:04, సగం దగ్గర 2:15, 30 దగ్గర 3:12. ఈ అంకెలు పెన్నుతో ముంజేతి మీద రాసుకోండి. మొదటి 3 కిలోమీటర్లు పది సెకన్లు నెమ్మదిగా ఉన్నా పర్లేదు. మలుపుల్లో అటూ ఇటూ జరగడం వల్ల వాచీలో దూరం 42.195 బదులు 42.5–42.7 దాకా వస్తుంది, అందుకని వాచీలో 6:20 చూసుకోవాలి.

జెల్స్ ఎప్పుడెప్పుడు? పరుగెత్తుతూ కప్పుతో తాగితే మీద పోసుకుంటున్నాను.

మొదటి జెల్ 40 నిమిషాలకు, ఆ తర్వాత ప్రతి 30–35 నిమిషాలకు ఒకటి, నీటి స్టేషన్‌కి ముందు. ఆకలి వేసే దాకా ఆగితే ఆలస్యమైనట్టే. పేపర్ కప్పు అంచును రెండు వేళ్లతో నొక్కి ముక్కు ఆకారం చేసి, పక్కనుంచి గుక్క తాగండి. కుదరకపోతే పది అడుగులు నడవండి, పోయేది ఐదారు సెకన్లే.

## రేసు తర్వాత

మళ్లీ ఎప్పుడు పరుగెత్తాలి?

మొదటి వారం నడక మాత్రమే. రెండో వారం మూడు నాలుగుసార్లు అరగంట ఈజీ. మూడో వారం చివరికి మామూలు ఈజీ పరుగులకు రావొచ్చు. కష్టమైన సెషన్లు నెల దాటాకే. ఏడాదికి రెండు ఫుల్ మారథాన్లు చాలు. వాటి మధ్యలో 10 కిలోమీటర్లు, హాఫ్ రేసులు పరుగెత్తుతూ ఉంటే, తర్వాతి ఫుల్‌కి లక్ష్యం ఎంత పెట్టుకోవాలో ఆ టైమ్‌లే చెబుతాయి.